లిగమెంట్ తెగేది కోర్టులో, కాపాడేది బడి వరండాలో

నెట్ దగ్గర ఎగిరి స్మాష్ కొట్టిన అమ్మాయి కిందికి దిగుతుంది. ఎవరూ తగల్లేదు, ఎవరూ తొయ్యలేదు. ఒంటికాలి మీద దిగగానే మోకాలు లోపలికి ఒరుగుతుంది, ‘టప్’మని ఏదో తెగినట్టు ఆ పిల్లకి తెలుస్తుంది, అక్కడే కూలబడిపోతుంది. గోదావరి డెల్టా ఊళ్లలో దీనికి రెండు వివరణలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఒకటి దిష్టి. రెండోది, ‘ఆడపిల్లకి ఈ గెంతులెందుకు’ అన్నది. రెండింటి సారాంశమూ ఒకటే: జరిగేది జరిగింది, ఆపడం ఎవరి చేతిలోనూ లేదు. గత ముప్పై ఏళ్ల క్రీడా వైద్య పరిశోధన చెబుతున్నది దీనికి పూర్తిగా వ్యతిరేకం. సరైన తర్ఫీదు ఉంటే ఈ గాయాల్లో దాదాపు సగం అసలు జరగవు. ఎవరూ తగలకుండా తెగే రకాన్నే లెక్కలోకి తీసుకుంటే, అమ్మాయిల్లో తగ్గుదల ఇంకా ఎక్కువ.

మోకాలి కీలులో తొడ ఎముకనీ దాని కింది పెద్ద ఎముకనీ లోపల్నుంచి పట్టి ఉంచే పట్టీలు రెండు, ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతూ ఉంటాయి. వాటిలో ముందువైపుది ఏసీఎల్, అంటే యాంటీరియర్ క్రూసియేట్ లిగమెంట్. పొడవు మూడు సెంటీమీటర్ల చిల్లర. కింది ఎముక ముందుకు జారకుండా, మెలి తిరగకుండా ఆపడం దాని పని. రేవులో పంటును కట్టిన మోకులాగా మామూలప్పుడు దాని మీద పెద్ద బరువేమీ పడదు, ప్రవాహం లాగినప్పుడే బిగుస్తుంది. మోకాలు దాదాపు నిటారుగా ఉండి, ఒంటి బరువంతా ఒక్క కాలి మీద పడి, పాదం నేలకి అతుక్కుపోయి, మోకాలు లోపలికి ఒరిగితే ఆ లాగుడు దాని శక్తికి మించిపోతుంది.

నార్వే పరిశోధకులు హ్యాండ్‌బాల్, బాస్కెట్‌బాల్ క్రీడాకారిణులు గాయపడిన వీడియోలను ఫ్రేము తర్వాత ఫ్రేముగా కొలిచి 2010లో ఒక సంగతి బయటపెట్టారు. పాదం నేలకి తాకాక సుమారు 40 మిల్లీసెకన్లకే లిగమెంట్ తెగుతోంది. ప్రమాదాన్ని గ్రహించి కాలు సర్దుకోవడానికి మనిషికి కావలసిన సమయం అంతకన్నా చాలా ఎక్కువ. కాబట్టి ‘చూసుకుని ఆడు, జాగ్రత్తగా దిగు’ అని గట్టు మీంచి అరవడం వల్ల ప్రయోజనం లేదు. గాల్లో ఉండగానే కండరాలు సరైన పద్ధతిలో బిగుసుకుని సిద్ధంగా ఉండాలి. ఆ సిద్ధం కావడం అలవాటుగా మారాలి, అలవాటు కావాలంటే వారాల తరబడి సాధన చేయాలి. ఈ వ్యాసంలోని మిగతా వాదనంతా ఈ 40 మిల్లీసెకన్ల మీదే నిలబడి ఉంది.

అబ్బాయిలకీ తెగుతుంది. అమ్మాయిలకి మరింత ఎక్కువగా తెగుతుంది. అమెరికా కాలేజీ క్రీడల గణాంకాలతో 1995లో వచ్చిన అధ్యయనంలో, అవే ఆటలు ఆడే అబ్బాయిలతో పోలిస్తే అమ్మాయిల్లో ఈ గాయాల రేటు ఫుట్‌బాల్‌లో రెండు రెట్లకు పైగా, బాస్కెట్‌బాల్‌లో సుమారు నాలుగు రెట్లుగా తేలింది. కారణాలుగా కటి వెడల్పు, తొడ ఎముక కింది గాడి ఇరుకు, కీళ్ల వదులుదనం, హార్మోన్లు అని చాలా చెబుతారు. వీటిలో దేన్నీ మనం మార్చలేం. హార్మోన్ల సంగతి ఇంకా తేలలేదు కూడా. నెలసరి రోజుల్లో ఆడించకూడదనే పాత మాటకి దీన్ని ఆసరా చేసుకోవడం సరికాదు.

మార్చగలిగినది కండరాలు పనిచేసే తీరు. తొడ ముందు కండరం మోకాలి కింది ఎముకను ముందుకు లాగుతుంది, అంటే ఏసీఎల్ మీద భారం పెంచుతుంది. తొడ వెనక కండరం దాన్ని వెనక్కి లాగి ఆ భారాన్ని పంచుకుంటుంది. చాలామంది అమ్మాయిలు దూకి దిగేటప్పుడు ముందు కండరం మీదే ఆధారపడతారు, మోకాళ్లు తక్కువగా వంచుతారు. పిరుదుల కండరాలు బలహీనంగా ఉంటే తొడ లోపలికి తిరుగుతుంది, దాంతోపాటే మోకాలూ లోపలికి వస్తుంది. ఇవన్నీ ఎదిగే వయసులో మొదలవుతాయి. అమ్మాయిల ఎత్తు అన్నిటికన్నా వేగంగా పెరిగేది సుమారు 12 ఏళ్ల ప్రాంతంలో. ఎముకలు పొడుగవుతాయి, బరువు పెరుగుతుంది, ఆ బరువుని అదుపు చేసే కండబలం అబ్బాయిల్లో పెరిగినంతగా దానంతటది పెరగదు.

ఈ వయసు ప్రాంతంలోనే డెల్టాలో ఇంకొకటి జరుగుతుంది. పిల్ల పెద్దమనిషి అవుతుంది. సాధారణంగా ఎత్తు జోరుగా పెరిగే దశ దాటాకే ఇది వస్తుంది. ఇంట్లో వేడుక చేస్తారు, బంధువులొస్తారు, ఆటకి విరామం పడుతుంది. కొందరికి అది కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు, చాలామందికి శాశ్వతం. మళ్లీ కోర్టులోకి వచ్చిన పిల్ల ఒళ్లు కొత్తది, కదిలే తీరు మాత్రం పదేళ్ల వయసు నాటిది. రక్షణ తర్ఫీదు ఎక్కువ ఫలితమిచ్చేది 18 ఏళ్ల లోపేనని పరిశోధనలు చూపుతున్నాయి. అంటే ఏ నెలల్లో పిల్లకి దూకడం, దిగడం, తిరగడం మళ్లీ నేర్పాలో, ఆ నెలల్లోనే ఆమెని ఇంట్లో కూర్చోబెడుతున్నాం. వేడుక చేసుకోవద్దని ఎవరూ అనక్కర్లేదు. ఫంక్షన్ అయిన వారానికి పిల్లని గ్రౌండుకి పంపితే చాలు.

ఆ తర్ఫీదు ఏమిటో తెలుసుకునే ముందు అది నిజంగా పనిచేస్తుందా అని అడగడం న్యాయం. స్వీడన్‌లో 12 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ అమ్మాయిల మీద జరిగిన పెద్ద అధ్యయనం 2012లో వెలువడింది. అందులో పాల్గొన్నవారు నాలుగున్నర వేలకు పైగా. సగం క్లబ్బులు వారానికి రెండుసార్లు, 15 నిమిషాల చొప్పున ప్రత్యేక వార్మప్ చేశాయి, మిగతావి ఎప్పటిలాగే ఆడాయి. వార్మప్ చేసిన జట్లలో ఏసీఎల్ గాయాల రేటు 64 శాతం తక్కువ. అంతకుముందు 2008లో నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల అమ్మాయిలతో ఫిఫా వార్మప్ కార్యక్రమాన్ని పరీక్షించినప్పుడు మొత్తం గాయాలు దాదాపు మూడోవంతు, తీవ్రమైనవి సగం దాకా తగ్గాయి. హ్యాండ్‌బాల్‌లోనూ ఇలాంటి ఫలితాలే వచ్చాయి. ఆ దేశాల మైదానాలు వేరు, తిండి వేరు, ఆటలూ వేరు, నిజమే. మోకాలు మాత్రం వేరు కాదు. పైగా ఈ కార్యక్రమాలకి యంత్రాలు, జిమ్ములు అక్కర్లేదు.

ఇందులో చేసేవి చూస్తే బడిలో ఆటలు నేర్పే పీఈటీలకి కొత్తగా ఏమీ అనిపించదు. ఉన్న తేడా అంతా చేసే తీరులోనే. నెమ్మదిగా పరుగు, పక్కలకీ వెనక్కీ పరుగు, ఆ తర్వాత గుంజీళ్లు. గుంజీళ్లు మనవాళ్లకి శిక్షగా తెలుసు, తర్ఫీదుగా తెలియదు. చెవులు పట్టుకుని గబగబా లెక్కపెట్టేవి కావివి. కుర్చీలో కూర్చోబోతున్నట్టు తుంటిని వెనక్కి తీసుకుంటూ నెమ్మదిగా దిగాలి, మోకాలి చిప్ప పాదం రెండో వేలి వైపే చూస్తూ ఉండాలి, రెండు మోకాళ్లూ ఒకదాని వైపు మరొకటి రాకూడదు. ఒక కాలు ముందుకేసి దిగడం, ఒంటికాలి మీద నిలబడి ఎదుటి పిల్లతో బంతి మార్చుకోవడం, మోచేతులూ కాలివేళ్లూ నేలకి ఆన్చి ఒళ్లు పలకలా నిలిపే ప్లాంక్, ఇవీ అంతే.

తొడ వెనక కండరానికి ఒకటుంది, ఇద్దరు కలిసి చేసేది. ఒకమ్మాయి మోకాళ్ల మీద నిలబడితే వెనక ఉన్న పిల్ల ఆమె చీలమండలు నేలకి అదిమి పట్టుకుంటుంది. ముందున్నామె నడుము వంచకుండా, ఒళ్లు నిటారుగా ఉంచి వీలైనంత నెమ్మదిగా ముందుకు ఒరగాలి. పట్టు తప్పగానే చేతులు ఆన్చాలి. మొదట్లో మూడు నాలుగు సార్లకే కండరం వణుకుతుంది. మర్నాడు మెట్లు దిగేటప్పుడు నొప్పి తెలుస్తుంది. అది మామూలే, దానికి భయపడి మానేయకూడదు.

చివరగా దూకడం. అన్నిటికన్నా ముఖ్యమైనదీ, అన్నిటికన్నా నిర్లక్ష్యంగా చేసేదీ ఇదే. రెండు కాళ్లతో ఎగిరి రెండు కాళ్ల మీద దిగి అలాగే రెండు క్షణాలు నిలవాలి. తర్వాత పక్కకి దూకి ఒంటికాలి మీద ఆగాలి. ఆపైన పరుగెత్తి వచ్చి, మాస్టారు చెయ్యి చూపిన వైపు తిరగాలి. ఒక్క పెద్ద అడుగుతో కాకుండా రెండు మూడు చిన్న అడుగులతో వేగం తగ్గించుకుని తిరగాలి. చెప్పవలసిన మాట ఒకటి చాలు: చప్పుడు కాకుండా దిగు. ఆ మాట వింటే పిల్లలు మోకాళ్లు తమంతట తామే వంచుతారు. మోకాలి కోణం గురించి పాఠం చెబితే అందరూ బిర్రబిగుసుకుపోతారు.

ఇక్కడ ఒక ముచ్చట. తొక్కుడుబిళ్ల ఆడే పిల్ల చేసేదేమిటి? ఒంటికాలితో కుంటుతూ గడిలోకి దూకి, గీత తొక్కకుండా నిలదొక్కుకుని, తిరిగి రావడం. వైద్యులు ఇప్పుడు కాగితం మీద రాసి ఇస్తున్న వ్యాయామంలో పెద్ద ముక్క అదే. ఆ ఆట ఆడినవాళ్ల మోకాళ్లు గట్టివని ఏ పరిశోధనా తేల్చలేదు గానీ, అరుగు ముందు గీసుకునే ఆ గడులు పిల్లల చేతుల్లోకి ఫోన్లు వచ్చాక చెరిగిపోయాయి. ఎనిమిదేళ్లకే రావలసిన ఆ పట్టుని ఇప్పుడు పద్నాలుగేళ్లకి మాస్టారు ఈల వేసి నేర్పాల్సి వస్తోంది.

ఆటను బట్టి ప్రమాదం మారుతుంది. ఖోఖోలో తప్పించుకునే అమ్మాయి స్తంభాల మధ్య క్షణానికోసారి దిశ మారుస్తుంది, అక్కడ చిన్న అడుగుల సాధనే ప్రాణం. షటిల్‌లో ఇంకో విశేషం ఉంది. సాత్విక్‌ సాయిరాజ్ అనే షటిల్ ఆటగాడు పుట్టిన అమలాపురం వైపు రాకెట్ పట్టే పిల్లలకి ఇది తప్పక తెలియాలి. జపాన్‌లో గాయపడిన క్రీడాకారులను పరిశీలిస్తే, ఎక్కువగా రాకెట్ పట్టని వైపు మోకాలే తెగినట్టు తేలింది. వెనక్కి పరుగెత్తి, తలమీంచి షాట్ కొట్టి, ఆ కాలి ఒక్కదాని మీదే దిగినప్పుడు. కుడిచేతి వాటం పిల్లకి ఎడమకాలి మీద దిగే సాధన ఎక్కువ కావాలన్నమాట.

కబడ్డీ దగ్గర మాత్రం నిజాయితీగా ఒప్పుకోవాలి. కూతకి వెళ్లిన అమ్మాయి చీలమండ ఒకరు పట్టుకుని, తొడ మీద ఇంకొకరు పడితే, లోపలికి విరిగే మోకాలిని ఏ వార్మప్పూ పూర్తిగా కాపాడలేదు. వార్మప్ బాగా తగ్గించేది ఎవరూ తగలని గాయాలను. కబడ్డీలో అవీ తక్కువేం కాదు. బోనస్ గీత దాకా వెళ్లి చటుక్కున వెనుదిరగడం, పట్టు తప్పించుకుని మెలితిరగడం, అన్నీ ఒంటికాలి మీదే. పట్టులో చిక్కాక కాలు నాటుకుని పెనుగులాడకుండా ఎప్పుడు వదిలేయాలో నేర్పడమూ రక్షణలో భాగమే. పాయింటు పోతుందని పీఈటీలు దీన్ని నేర్పరు.

ఇక నేల సంగతి. డెల్టాలో చాలా బడుల గ్రౌండ్లు పల్లంలో ఉంటాయి. జూన్‌లో బడి తెరిచాక వానలు, జులై, ఆగస్టుల్లో గోదావరి వరద, అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు. లంక ఊళ్లలో అయితే గ్రౌండు సంగతి దేవుడెరుగు, బడికి వెళ్లే దారే మునుగుతుంది. సార్వా పంట కోతకొచ్చే దాకా ఒండ్రు నేలలో కాలు దిగబడుతూనే ఉంటుంది. ఈ నెలల్లో ఆటల పిరియడ్ క్లాసురూములోనే గడిచిపోతుంది, లేదా లెక్కల మాస్టారు ఎత్తుకుపోతారు. ఇంతలో స్కూల్ గేమ్స్ ఎంపికల కబురు వస్తుంది. పది పదిహేను రోజులు కష్టపడి ఆడించి, పిల్లల్ని మండలానికీ, అక్కణ్ణుంచి జిల్లాకీ తీసుకెళతారు.

ఇందులో రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, అన్నాళ్లూ ఖాళీగా ఉన్న కండరాల మీద ఒక్కసారిగా భారం పడటం. రెండోది నేల పట్టు. తడిసిన మెత్తటి నేల మీద పాదం కాస్త జారుతుంది. చూడ్డానికి అది ప్రమాదంగా కనిపిస్తుంది గానీ, జారే పాదం మోకాలి మీద పడే మెలిని కొంత వదిలేస్తుంది. ఎండి గట్టిపడిన నేల పాదాన్ని వదలదు. ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో వానలు తక్కువై నేల పొడిబారిన కాలంలోనే ఏసీఎల్ గాయాలు ఎక్కువని లెక్కలు తేల్చాయి. నార్వేలో చెక్క నేల మీద కన్నా బాగా పట్టే కృత్రిమ నేల మీద ఆడవాళ్ల మోకాళ్లు ఎక్కువగా తెగాయి. మన పిల్లలు మట్టి మీద వట్టి కాళ్లతో సాధన చేస్తారు. జిల్లా పోటీల్లో సింథటిక్ మ్యాట్ మీద, అప్పుడే కొన్న బూట్లతో దిగుతారు. మట్టి మీద అలవాటైన మలుపునే మ్యాట్ మీదా తిరుగుతారు, పాదం మాత్రం అక్కడే ఆగిపోతుంది. ముందురోజే వెళ్లి మ్యాట్ మీద సగం వేగంతో ఓ అరగంట తిరిగితే ఆ తేడా కాళ్లకి తెలుస్తుంది. బూట్లు ఇంటి దగ్గరే కొన్ని వారాలు తొడిగి ఆడాలి.

కండరాలు కొత్త అలవాటుకి రావడానికి ఆరు వారాలైనా పడుతుంది. ఎంపికల కబురు వచ్చాక మొదలుపెడితే ఆ వ్యవధి దొరకదు. అందుకే ఈ పని చేయవలసింది నీళ్లు నిలిచిన నెలల్లో. పైన చెప్పిన వ్యాయామాల్లో పరుగులు, మలుపులు తప్ప మిగతావాటికి గ్రౌండే అక్కర్లేదు. బడి వరండా చాలు, తుపాను షెల్టరు గచ్చు చాలు, కల్యాణమండపం ఖాళీగా ఉంటే ఇంకా మంచిది. తడిసిన గచ్చు మీద మాత్రం దూకించకూడదు. జూన్‌లో మొదలుపెట్టి వారానికి రెండుసార్లు పావుగంట చేయించినా, పోటీల వేళకి పిల్లల కాళ్లు సిద్ధంగా ఉంటాయి. పోటీలు మొదలయ్యాకా ఆపకూడదు, ఆపేస్తే వచ్చిన అలవాటు పోతుంది. సంక్రాంతికి ఊళ్లో పెట్టే పోటీలకీ ఇదే సాధన పనికొస్తుంది.

ఒక బడికంతటికీ ఒక్క పీఈటీ ఉన్నచోట ఇది అయ్యే పనేనా అంటే, మామూలు వార్మప్ స్థానంలోనే చేయించవచ్చు, అదనపు సమయం అక్కర్లేదు. పెద్ద తరగతి అమ్మాయిల్లో ఇద్దరికి నేర్పితే వాళ్లే నడిపిస్తారు. ఎవరి మోకాళ్లు బలహీనమో ముందుగా పరీక్షించి వాళ్లకే చేయిస్తే సరిపోదా అని కూడా అడుగుతారు. ఎత్తు మీంచి దూకించి మోకాలు లోపలికి వస్తుందేమో చూసే పరీక్ష ఒకటుంది. నార్వే అగ్రశ్రేణి హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్ క్రీడాకారిణుల మీద 2016లో వచ్చిన అధ్యయనం, ఎవరికి తెగుతుందో ఈ పరీక్ష సరిగ్గా చెప్పలేదని తేల్చింది. ఫోన్‌లో స్లోమోషన్ తీసి పిల్లలకే చూపిస్తే దిగే తీరు దిద్దుకోవడానికి ఉపయోగపడుతుంది, అంతవరకే. వ్యాయామం మాత్రం అందరిచేతా చేయించాలి.

ఇంత చేసినా కొందరికి తెగుతుంది. డెల్టాలో అసలు నష్టం చాలాసార్లు ఆ తర్వాతే జరుగుతుంది. మోకాలు కొద్ది గంటల్లోనే బూరెలా వాస్తుంది, ఎందుకంటే లోపల రక్తం చేరుతుంది. ఎవరో ఒకరు నూనె రాసి తోముతారు, కాలు పట్టి లాగుతారు, కోడిగుడ్డు తెల్లసొనతో కట్టు కడతారు. పట్నం వెళ్లి ఎక్స్‌రే తీయిస్తే ఎముక బాగానే ఉందంటారు. లిగమెంట్ ఎక్స్‌రేలో కనపడదు, ఆ మాట చెప్పేవాళ్లు తక్కువ. రెండు మూడు వారాలకి వాపు తీస్తుంది, పిల్ల నడుస్తుంది, తగ్గిపోయిందనుకుని మళ్లీ ఆటకి పంపుతారు. తిరిగినప్పుడల్లా మోకాలు జారిపోతుంటుంది, జారినప్పుడల్లా లోపలి మృదులాస్థి గద్దె, అంటే మెనిస్కస్, నలుగుతుంది. చప్పుడు వినిపించి, గంటల్లో వాపు వచ్చిందంటే ఐస్ పెట్టి, గుడ్డతో చుట్టి, కాలు ఎత్తున ఉంచి, ఎముకల డాక్టరు చేత చేతి పరీక్ష చేయించి, అవసరమైతే ఎంఆర్ఐ తీయించాలి. తోమడం, లాగడం వద్దు.

ఏసీఎల్ పూర్తిగా తెగితే సాధారణంగా దానంతటది సరిగా అతుక్కోదు. మళ్లీ మలుపుల ఆట ఆడాలనుకునే పిల్లకి చాలామంది డాక్టర్లు ఆపరేషన్ చెబుతారు. తొడ వెనకో, చిప్ప కిందో ఉన్న స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకి కలిపే పట్టీ, ముక్క తీసి కొత్త లిగమెంట్‌గా అమరుస్తారు. పెళ్లి కావలసిన పిల్లకి మచ్చలెందుకని వాయిదా వేసే ఇళ్లున్నాయి. మచ్చలు చిన్నవే, జారే మోకాలితో నడిచే ముప్పై ఏళ్లే పెద్దవి. ఆపరేషన్‌తో అంతా సరిపోతుందనుకోవడమూ పొరపాటే. స్వీడన్‌లో ఏసీఎల్ తెగిన ఫుట్‌బాల్ క్రీడాకారిణులను 12 ఏళ్ల తర్వాత పరీక్షిస్తే, అప్పటికి వాళ్ల సగటు వయసు 31, సగం మందికి ఎక్స్‌రేలో కీళ్ల అరుగుదల కనిపించింది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకీ, చేయించుకోనివాళ్లకీ ఇందులో పెద్ద తేడా కనిపించలేదు.

కోర్టులోకి తిరిగి రావడానికి తొమ్మిది నెలలైనా ఆగాలి. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆ తొమ్మిది నెలల దాకా ఒక్కో నెల ఆగినకొద్దీ మళ్లీ మోకాలి గాయమయ్యే రేటు సుమారు సగం చొప్పున తగ్గింది. రెండు కాళ్ల బలం దాదాపు సమానమైందని ఫిజియోథెరపిస్టు కొలిచి చెప్పాకే ఆడించాలి, పోటీ తేదీని బట్టి కాదు. ఆటకి తిరిగొచ్చిన 25 ఏళ్ల లోపు వాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి ఏదో ఒక మోకాలి ఏసీఎల్ మళ్లీ తెగుతుంది. అది చాలాసార్లు ఆపరేషన్ అయిన కాలు కాదు, రెండోది. కాబట్టి ఫిజియోథెరపీ ముగిసిన పిల్లకీ వరండాలో ఆ పావుగంట వ్యాయామం తప్పదు, అదీ రెండు కాళ్లకీ.